నాయన తాగుతాడా అని అడిగితే

మా నాయన ఆళ్లగడ్డలో పరుపులు కుట్టేవాడు. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, శుక్రవారాలు మాత్రం నాయన టోపీ పెట్టుకుని మసీదుకు పోయేవాడు. అమ్మ చనిపోయాక ఇంట్లో మేమిద్దరమే.

ఆ రోజు, ముందునాడు పెళ్ళిలో తిన్నది పడక, తెల్లవారినప్పటి నుంచి వాంతులు చేసుకుంటున్నాడు. కడుపులో ఏమీ లేకపోయినా ఆగలేదు. గోడ పట్టుకుని వంగి, మెడ నరాలు ఉబ్బేలా కక్కుతున్నాడు. తొమ్మిది గంటలప్పుడు నెత్తురు పడింది. చుక్కలు కాదు, దోసెడు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే ఉన్నాను.

ఆళ్లగడ్డ డాక్టరు సెలైన్ పెట్టి నంద్యాలకు తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సులో పోయాం.

నంద్యాల ఆసుపత్రిలో చీటీ రాసే మనిషి పేరు అడిగాడు, తర్వాత తాగుతాడా అని అడిగాడు. లేదన్నాడు నాయన. బీపీ చూసిన నర్సు కూడా అడిగింది. లేదన్నాడు. డ్యూటీ డాక్టరు మూడోసారి అడిగి, అదే జవాబు విని, నన్ను వార్డు గుమ్మం దగ్గరికి పిలిచాడు. నెత్తురు కక్కుకుని వచ్చేవాళ్ళలో తాగేవాళ్ళను చాలామందిని చూశానని, కాలేయం చెడితే వైద్యం వేరేగా ఉంటుందని, అందుకే నిజం కావాలని చెప్పాడు.

"మీవాళ్ళల్లో తాగేది తప్పు కదా, అందుకే ఇంట్లో తెలీకుండా తాగుతారు. నువ్వన్నా చెప్పమ్మా."

ఆయన గొంతులో వెటకారం లేదు. అందుకేనేమో నాకు కోపం రాలేదు. నాయన పని మీద కొలిమిగుండ్ల వైపు పోతే రెండు మూడు రోజులకు గాని వచ్చేవాడు కాదు. అక్కడ ఏం చేసేవాడో నాకేం తెలుసు అనిపించింది. తెలీదన్నాను. నాయన మంచం నాలుగడుగుల దూరంలోనే ఉంది.

మధ్యాహ్నం గొంతులోకి కెమెరా గొట్టం పంపి చూశారు. చూసిన పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చి, అన్నవాహిక కడుపును కలిసేచోట చీలిక పడిందని చెప్పింది. అంత బలంగా వాంతులైతే ఎవరికైనా పడవచ్చట. కాలేయం చెడిన గుర్తులేవీ కనిపించలేదట. చిన్న క్లిప్పు వేసి నెత్తురు ఆపారు.

సాయంత్రం నాయన కళ్ళు తెరిచాడు.

"ఆ డాక్టరుకు ఏం చెప్పినావ్ అమ్మీ?"

"తెలీదని చెప్పినా నాయనా."

"ఇన్నేండ్లు ఒగే ఇంట్లో ఉండాం. తెలీదా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి పంపే రోజు, తాను తాగనని కాగితంలో రాయమని డాక్టరమ్మను అడిగాడు. ఆమె తిరగేసి చూస్తే మొదటి పేజీలో మద్యం అలవాటు ఉన్నట్టు అనుమానమని రాసి ఉంది. దాన్ని కొట్టేసి, లేదని రాసి, సంతకం చేసింది. నాయనకు ఇంగ్లీషు రాదు. బస్టాండులో కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా మళ్ళీ పరుపుల పనిలో పడ్డాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. కానీ ఊర్లకు పోయేటప్పుడు ఎక్కడ దిగేది, ఎవరింట్లో పడుకునేది నాకు చెప్పి పోవడం మొదలుపెట్టాడు. నేను అడిగింది లేదు.