చల్లగదిలో ఎర్ర గుర్తు

వైరస్ వదిన తన చేత్తోనే తలుపు తీసి దొంగల్ని లోపలికి రానిచ్చిందట. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆ మాట మధ్యాహ్నానికల్లా మేడమీది స్టోర్‌రూమ్ దాకా పాకింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ తీర్పు కూడా చెప్పేసింది.

ల్యాబ్‌లోని పదకొండు కంప్యూటర్లనూ చూసుకునేది వదినే. మౌస్ కదలకపోతే చాలు, "వదినా, వైరస్సేనా?" అని కేకేసేవారు. మౌస్ కింద ఇరుక్కున్న దూది తీసి "ఇదిగో నీ వైరస్" అని చేతిలో పెట్టేది. పేరు అలా పడింది.

పది రోజుల కిందట యాంటీవైరస్ కంపెనీ ఒక హెచ్చరిక పంపింది. జిప్ ఫైళ్లను విప్పి వెతికే భాగంలోనే లోపం ఉందనీ, మరమ్మతు వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచమనీ. వదిన ఆ కాగితంతో మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఫైలు మనం ముట్టుకోకపోయినా ఇది విప్పి చూస్తుంది. ఆ విప్పడంలోనే దీన్ని లొంగదీసుకుంటారట. కంచే చేను మేసినట్టు."

"ఆపితే తెరమీద అంతా భద్రమని చూపే పచ్చ గుర్తు ఉంటుందా?"

"ఉండదు సార్. ఎర్రగా అవుతుంది."

"బావుంది! రోజూ పొద్దున్నే అన్ని తెరలూ ఫోటో తీసి హెడ్డాఫీసుకి పంపాల్సింది నేను. తలనొప్పిగా ఉందని తలకాయ తీసేసుకుంటామా? వెళ్లి పని చూసుకోమ్మా."

అన్ని తెరలూ అన్నాడు గానీ, రక్తం నిల్వచేసే చల్లగదిలోకి ఆయన వెళ్లడు. వెళ్తే తుమ్ములు. దానికి పాత ఫోటోనే పంపేస్తాడు. ఆ సంగతి వదినకు తెలుసు. మనసు ఊరుకోక, ఆ ఒక్కదాంట్లో ఆ భాగాన్ని ఆపేసింది.

ఈ ఉదయం ల్యాబ్ మెయిల్‌కు ఒక జిప్ ఫైలు వచ్చింది. మెయిల్ అన్ని కంప్యూటర్లలోనూ దిగుతుంది. ఎవరూ దాన్ని తెరవలేదు. అయినా టీ చల్లారేలోగా, డబ్బు కడితేనే తెరుస్తామంటూ దొంగలు ఎక్కడినుంచో రిపోర్టులకు తాళాలు వేసేశారు. గదిగదీ తిరుగుతూ మేనేజరు చాలాకాలానికి చల్లగదిలోకి వెళ్లాడు. ఎర్ర గుర్తు చూశాడు, తుమ్మాడు, ఇంకేమీ చూడకుండా బయటికొచ్చాడు.

"రక్షణ తీసింది నువ్వేనా?"

"ఒక్కదాంట్లో సార్."

"అదే రాసి సంతకం పెట్టు."

ఆ సంతకం పడితే ఇక ఏ ల్యాబ్‌లోనూ తనను కంప్యూటర్ ముట్టనివ్వరు. పెన్ను మూత తీసింది. అంతలో ఫోన్ మోగింది. పక్క ఆసుపత్రి నర్సు.

"ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉంది. ఏ రక్తం సరిపడిందో చెప్పండి, త్వరగా!"

వదిన పెన్ను పక్కన పెట్టి చల్లగదిలోకి పరుగెత్తింది. నర్సు చెప్పిన పేరు కొట్టింది. వివరాలు వచ్చాయి. ఫోన్‌లో రెండుసార్లు చదివి వినిపించింది.

పదకొండింటిలో ఆ రోజు పనిచేసింది ఆ ఎర్ర గుర్తు కంప్యూటర్ ఒక్కటే.