రోసమ్మ దిండు మీది పాత గుడ్డ

నలభై రెండు అంగుళాల తెల్ల లేసు, ఇరవై ఒక్క రోజుల పని, రెండు ఉండల దారం. తిరుమంగళంలోని లేసు కేంద్రంలో తనిఖీ ఉద్యోగానికి చేరిన నాలుగో వేసవిలో నా వల్ల పోయినవి ఇవి. దారం కొలిచి ఇవ్వడం, దిండ్లూ గుడ్డలూ ఎంచడం, తయారైన లేసు చూసి రిజిస్టరులో రాయడం నా పని. ఎనిమిదో తరగతితో బడి మానినదాన్ని. ఏ నమూనాకు దారం చుట్టిన కొయ్య బాబిన్లు ఎన్ని కావాలో లెక్కగట్టడం సొంతంగానే నేర్చుకున్నాను. అందరూ నన్ను కణక్కక్క, అంటే లెక్కలక్క, అనేవారు.

లేసు అల్లేది గట్టి దిండు మీద. గడ్డి కూరి, కొయ్యతో కొట్టి బిగిస్తారు. అర అంగుళం దిగిన గుండుసూది వాలకూడదు. దాని మీద ముదురు రంగు గుడ్డ పరుస్తారు, తెల్ల దారం కంటికి ఆనడానికి. అల్లిన భాగాన్ని మరో గుడ్డతో కప్పుతారు. నూగు లేవకూడదు, బాబిన్లు సులువుగా జారాలి.

ఇవన్నీ నేను కొలతలతో చెప్పగలను. అక్కడ లేసు అల్లే రోసమ్మ దిండును అరచేత్తో తట్టి చెప్పేసేది. ఆమె గుడ్డలు భర్త మిల్లు యూనిఫారం నుంచి కత్తిరించినవి, ఏళ్ల తరబడి ఉతికి వెలిసిన నీలం. కేంద్రాన్ని నడిపే సిస్టర్ ఎవరొచ్చినా నా బల్ల దాటించి నేరుగా ఆమె దగ్గరికే తీసుకువెళ్లేవారు. ఒకసారి అతిథుల ముందే రోసమ్మ, "కణక్కక్క లెక్క తప్పదు సిస్టర్. దిండుకే పాపం, కణక్కు తెలీదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వారం రోజులు అన్నం సహించలేదు.

ఆ నెలే అందరికీ ఒకే రకం గుడ్డలుండాలని రూలు పెట్టాను. మదురైలో కొత్త నీలం గుడ్డ కొన్నాను. మీటరుకు ఎన్ని ముక్కలొస్తాయో చక్కగా లెక్కవేశాను. ఉతికించలేదు. ఉతికించి ఆరబెట్టేంతవరకు కూడా ఆమె పాత గుడ్డను చూడలేననిపించింది. మొదట ఆమె దిండుకే మార్చాను.

"ఒక తడవ ఉతికియ్యక్కా" అంది.

"రూలు" అన్నాను.

అప్పుడామె చర్చి బలిపీఠం వస్త్రానికి అంచు అల్లుతోంది. చేతి చెమటకు గుడ్డ రంగు దిగింది. అల్లినంత మేరా నీలి మరకలు. ఉతికితే ఇంకా పాకాయి.

సిస్టర్ కారణం అడిగారు. రిజిస్టరులో 'అల్లినవారి చేతి చెమట' అని రాశాను. రోసమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈ చెయ్యి నిన్నటిదా అక్కా? పద్దెనిమిదేండ్లుగా ఇదే చెయ్యి, ఇదే చెమట. గుడ్డ మాత్రమే కొత్తది."

నేను రిజిస్టరు మూసి సొరుగులో పెట్టాను. తప్పు అల్లినవారిదైతే కూలి లేకుండా మళ్లీ అల్లాలి. ఆమె ఇరవై ఒక్క రోజులూ అల్లింది.

పోయినేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, జరిగింది సిస్టర్‌కు రాసిచ్చి, రోసమ్మ ఇంటికి వెళ్లాను. పోయిన కూలి చాపాను.

"దుడ్డు ఎవరికి కావాల? ఆ నలభై రెండు అంగుళాలూ నీ చేత్తో అల్లి ఇయ్యి. విడమాట్టేన్, వదిలేది లేదు" అని, తనే ఒక దిండు తట్టి చూసి నా చేతిలో పెట్టింది.

నేను వారానికి ఒక అంగుళం అల్లుతాను. ఆమె వెలుతురుకు పట్టి చూసి, చాలావరకు తిప్పి ఇస్తుంది. ముడి విప్పే ఆ వేళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నేర్చుకున్నది ఇది: కప్పు గుడ్డను తడిపి తెల్ల గుడ్డతో రుద్ది, రంగు అంటకపోతేనే దిండెక్కించాలి. కుళ్లుతో సరుకు ఎంచకూడదు. ఇంతవరకు ఆమె ఒప్పుకున్నవి పదకొండు అంగుళాలు. ముప్ఫై ఒకటి బాకీ.