నాగజెముడు మేసిన ఏడు

ప్రొద్దుటూరులో మా కోడలు పొద్దున్నే కలబంద గుజ్జు గ్లాసులో పోసుకుని తాగుతుంది. ఆ పచ్చివాసన తగిలితే, గ్లాసు అంచు నుంచి సాగే ఆ జిగురు చూస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. పక్కనే ఆమె ఫోనులో ఎవరో పెద్దమనిషి నున్నటి గొంతుతో, మనసు నిండా మంచి ఆలోచనలు పెట్టుకుంటే ఎంతటి కష్టమైనా దాటేయొచ్చని చెబుతుంటాడు. వినడానికి అదీ జిగురుగానే ఉంటుంది. ఆయన ఒక్కసారి మా జేజి చేతులు వాసన చూసి ఉంటే బాగుండేది.

జేజి అంటే మా నాయన తల్లి. కర్నూలు మాకు రాజధాని అయిన కొత్తలో, ముద్దనూరు దగ్గర మా ఊళ్లో వానలు మొండికేసిన ఏడు, ఉగాదికి ఓళిగల మాట ఎత్తకుండా కొర్రగంజిలో ఉప్పుగల్లు వేసుకుని పండగ అయిందనిపించాం. బావి అడుగున మిగిలిన ఎర్రనీళ్లలో పురుగులు ఈదుతుంటే పాతచీర గుడ్డతో వడగట్టుకుని తాగాం. అచ్చనగిల్లలు ఆడుకునే అరుగు మీద కూడా దుమ్ము, ఈగలు. నేను పుట్టుకతోనే అసహ్యాల పిల్లను. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూట పస్తే. జేజి నశ్యం పీల్చి కొంగుకు ముక్కు తుడుచుకుని, అదే కొంగుతో నా మూతి తుడవబోతే ఇల్లంతా పరుగెత్తించేదాన్ని.

అమ్మా నాయనా రోడ్డుకు కంకర కొట్టే కరువు పనికి జమ్మలమడుగు వైపు పోయారు. ఇంట్లో జేజి, నేను, రెండెద్దులు. వాన పడేదాకా ఆ జత నిలబడితే సేద్యం ఉంటుంది; ఒక్కటి పోయినా భూమి బీడే, మేము ఊరు విడిచి కూలికి పోవాల్సిందే. ఎనిమిదేళ్ల నాకు కూడా అది తెలుసు.

గడ్డిపోచ దొరక్క ఊరంతా నాగజెముడు మట్టలు నరుక్కొచ్చేవారు. పంగలకర్రకు గుచ్చి పత్తికట్టె మంట మీద తిప్పితే పెద్దముళ్లు చిటపటమని ఇట్టే కాలిపోతాయి. వాటి మొదట్లో నూగులా ఉండే సన్నముళ్లు మాత్రం మట్ట బాగా కమిలేదాకా తిప్పితేగానీ పోవు. తర్వాత ముక్కలు కొట్టి, పిడికెడు తవుడు చల్లి పెట్టాలి. ఆ కాలిన జిగురు కంపు, అది మేసిన ఎద్దులు వేసే పచ్చటి నీళ్లపేడ ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు.

ఒకరోజు జేజి నీళ్లకు పోతూ కాల్చే పని నాకు అప్పజెప్పింది. చేతికి జిగురు అంటుతుందని, పొగ పడదని, పెద్దముళ్లు కాలగానే చాలనుకుని జతలో గోధుమవన్నె పుల్లెద్దు ముందర వేసేశాను. మూడోరోజుకు అది మేత ముట్టలేదు. నాలుక ఉబ్బి చీము పట్టింది. నోట్లోంచి చొంగ, కుళ్లు వాసన. పక్కింటి మామ చూసి పెదవి విరిచాడు.

“ఇది తేరుకోదు పెద్దమ్మా. సంతకు తోలెయ్. తోలు ధరన్నా వస్తాది.”

“ఆ తోలు దాని మింద ఉంటేనే బాగుంటాదిలే అప్పా,” అంది జేజి.

నేను ఏడుస్తూ చేసిన తప్పు చెప్పాను. జేజి తిట్టలేదు. ముళ్లు తీసే చిమటా తెచ్చి ఎద్దు ముందర గొంతుక్కూచుంది.

“ఏడ్చేది వాన పడినంక ఏడుద్దువులే. ఇప్పుడొచ్చి నాలిక పట్టుకో.”

పట్టుకున్నాను. వేడిగా, జారుతూ, వేళ్ల సందుల్లోకి చీము. వదిలేసి గోడ వెనక్కి పరుగెత్తి కడుపులోని గంజంతా కక్కాను. జేజి తల తిప్పకుండానే అడిగింది.

“కక్కుకున్యావా? అయిపాయనా? ఇంగ రా, పట్టు.”

ఎనిమిది రోజులు అదే పని. నేను ముఖం పక్కకు తిప్పుకుని నాలుక పట్టుకుంటే, జేజి ఒక్కో ముల్లూ పీకి, బొటనవేలితో చీము పిండి, ఉప్పునీళ్లతో కడిగి, వెదురుగొట్టంతో తన వంతు గంజి దాని గొంతులో పోసేది. “ఈ పొద్దు శానా మేలు,” అనేది ప్రతిరోజూ, మేలు కానిరోజు కూడా. “నువ్వు పండుకుంటే కాడి ఎవురు మోస్తారు? నేనా?” అని దాన్ని ఎగతాళి చేసి తనే నవ్వేది. నాకు అసహ్యం ఒక్కరోజు కూడా తగ్గలేదు. కానీ రెండోరోజు నుంచి పిలవకముందే పోయి కూచునేదాన్ని.

తొమ్మిదో రోజు అది తవుడు నాకింది. ఆ తర్వాత నెలకు వాన పడింది. కాడి మోసి, దుక్కి దున్ని వచ్చిన పుల్లెద్దు ఆ సాయంత్రం ఎద్దుల్ని కట్టేసే గాటిపాట్లో నా చెయ్యి నాకింది, గరుకుగా, మోచేతిదాకా. ఛీ అని పావడాకు తుడుచుకున్నాను. జేజి పడీపడీ నవ్వింది.

ఇప్పుడు మా ఊళ్లో దున్నేది ట్రాక్టర్లు. గాటిపాడు ఉన్నచోట మోటారుబండ్లు నిలబెడుతున్నారు. నాగజెముడు పురుగు పట్టి ఎప్పుడో మాడిపోయింది; పోయినందుకు నాకేం బాధ లేదు, పీడా వదిలింది. జేజి పోయింది, ఎద్దులు పోయాయి. ఆ పుల్లెద్దు మళ్లీ వచ్చి నాలుక చాపితే తుడుచుకోనని అబద్ధం చెప్పలేను. తుడుచుకుంటాను. చెయ్యి మాత్రం ముందు నేనే చాపుతాను.