వాము వేసిన చుర్రోలు

మా అత్తమ్మ కండ్లకు ఈ మధ్య ఒక వింత జబ్బు వచ్చింది. సకినాలు చుట్టడానికి ఎవరైనా పిలిస్తే చాలు, ఆమెకు చూపు ఆనదు. మిగతా వేళల్లో ఆ కండ్లకు ఏ లోటూ లేదు. నేను వంటింట్లో మూడోసారి చాయ్ పోసుకుంటే వాకిట్లో కూర్చునే కనిపెడుతుంది.

అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె కుడిచెయ్యి వణుకుతోంది. సాసర్‌లో చాయ్ పోసుకోవడం మానేసి, స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. దవాఖానకు పోదామంటే నాకేమైందని ఎదురు అడుగుతుంది. మాది లింగాల ఘనపూర్ దగ్గరి ఊరు. మా వాడలో ఎవరు సకినాలు పెట్టుకున్నా ముందు పిలుపు మా అత్తమ్మకే. బియ్యప్పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ ఆమె గుండ్రంగా చుడుతుంటే కొత్త కోడళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. అలాంటి చెయ్యి వణుకుతోందని తెలిస్తే ఇక ఎవరూ పిలవరని ఆమె భయం. వాళ్ళు పిలవడం మానేసేలోగా తనే పోవడం మానేసింది. ఆ శనివారం పక్కింటి వదిన వచ్చి, కూతురి శ్రీమంతానికి సారె పంపాలి, గురువారం సకినాలకు రమ్మని పిలిస్తే మళ్ళీ కండ్లనే అడ్డం పెట్టింది.

మరునాడు మా బిడ్డ ఫోన్‌లో చూసిన చుర్రోలు చేసిపెట్టమని పట్టుబట్టింది. స్పెయిన్ దేశపు పిండివంట అది. వెన్న వేసిన నీళ్ళు మరిగించి, అందులో మైదా వేసి ముద్ద చేసి, గొట్టంలో పెట్టి నూనెలోకి వత్తి, వేగాక దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించాలి. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, నాకిదొక లెక్కా అనుకున్నాను. జనగామ పోయి వెన్న తెచ్చాను. తొందరలో మైదా మాత్రం ఒక్క పాకెట్టే తెచ్చాను.

అత్తమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వెన్నను నీళ్ళలో వేస్తుంటే అయ్యో అంది. మైదా వేసి కలుపుతుంటే, గోడలకు పోస్టర్లు ఏమన్నా అంటించేది ఉందా అని అడిగింది. మా బిడ్డ ఫోన్ చూపించి ఇట్లనే చెయ్యాలి నాయినమ్మా అంటే, ఆ ఫోన్‌లో ఉన్నామెకు అత్తగారు లేరా చెప్పేందుకు అని వాపోయింది. ఇంతలో, ఆదివారమైనా, మా బడి హెడ్మాస్టరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. వంటింట్లో సిగ్నల్ ఉండదు. పిండిని కాస్త చూస్తుండమని అత్తమ్మకు చెప్పి వాకిట్లోకి పోయాను.

తిరిగి వచ్చేసరికి పిండి నిండా వాము. వాముతో పాటు పిడికెడు నువ్వులు. మా బిడ్డ తలమీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. అత్తమ్మకు తన తప్పేమిటో అర్థం కాలేదు. ఈ ఇంట్లో నూనెలోకి పోయే ఏ పిండిలోనైనా ఆ రెండూ పడాల్సిందే. పిండిని చూస్తుండమంటే, ఆమె చూసింది, అందులో వాము లేదు, వేసింది.

"వాము లేకుంటే కడుపు నొయ్యదా?" అని నన్నే నిలదీసింది.

మైదా అయిపోయింది కాబట్టి ఆ పిండే గతి అయింది. మురుకుల గొట్టంలో ముద్ద పెట్టి, గుండ్రటి రంధ్రం ఉన్న బిళ్ళ బిగించాను. ఫోన్‌లో ఆమె గీతలున్న బిళ్ళ అని చెప్పింది గానీ, గీతలు అందం కోసమే అనుకున్నాను. మొదటిది నూనెలో పడి నున్నగా, బొద్దుగా, ముచ్చటగా ఉబ్బింది. ఆ మరుక్షణమే ఢాం అని పగిలింది. నూనె గోడల మీదికి చిందింది. స్టవ్ బంద్ చేసి ముగ్గురం వాకిట్లోకి ఉరికాము. అందరికంటే ముందు ఉరికింది మోకాళ్ళ నొప్పుల అత్తమ్మే.

నూనె సద్దుమణిగాక ఆమే ముందుగా లోపలికి వచ్చింది. పగిలిన ముక్కను తిప్పి తిప్పి చూసింది. లోపలి ఆవిరి పోయే దారి లేదని, మెలిపెడితే గీతలు పడి పగలదని తేల్చింది. పిండిలో ఇంత బియ్యప్పిండి కలిపి మళ్ళీ పిసికి, చేతులకు నూనె రాసుకుని, పళ్ళెం ముందుకు లాక్కుంది. ఎప్పటిలాగే వేళ్ళ మధ్య మెలిపెడుతూ చుట్టడం మొదలుపెట్టింది. నాలుగోది చుడుతుండగా మేమిద్దరం చూస్తున్నామని గుర్తొచ్చినట్టుంది. చెయ్యి ఆగింది. పళ్ళెంలో ఉన్నవి ఒక్కటీ గుండ్రంగా లేదు.

"చెయ్యి వణుకుతుంది బిడ్డా," అంది.

"తెలుసు అత్తమ్మా."

"తెలిసి కూడ కండ్ల ముచ్చట నమ్మినట్టు చేసినవా?"

"అడిగితే బాధపడ్తవని అడగలే."

నిజానికి నాకూ భయమే. ఆమె నోటితో అంటే అది నిజమైపోతుందని నేనూ ఆ కండ్ల మాటనే పట్టుకుని ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. అత్తమ్మ స్టవ్ ముట్టించమంది. ఆ వంకర చుర్రోలు ఒక్కటీ పగల్లేదు. చక్కెర, దాల్చినచెక్క, వాము కలిసిన ఆ రుచి ఏ దేశానిదో చెప్పలేను. బాగాలేవు అంటూనే మా బిడ్డ ఆరు తిన్నది.

మంగళవారం బడికి సెలవు పెట్టి ఆమెను జనగామ దవాఖానకు తీసుకుపోయాను. ప్రాణానికి భయం లేదని, వయసుతో వచ్చే వణుకని, తగ్గుతుంది గానీ పూర్తిగా పోదని డాక్టరు చెప్పి మాత్రలు రాశాడు. బస్సులో ఆమె మందుల చీటీని మడిచి కొంగున ముడేసుకుంది. గురువారం పొద్దున మంచి చీర కట్టుకుని, నడువు పోదామంది.

పక్కింట్లో తెల్లబట్ట పరిచి, చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్తమ్మ కూర్చోకముందే చెప్పేసింది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయి. చెయ్యే వణుకుతుంది. మందులు వాడుతున్న."

పక్కింటి వదిన పిండి గిన్నె ఆమె ముందుకు జరిపింది. అత్తమ్మ మెల్లగా చుట్టింది. మిగతావాళ్ళు రెండు చుట్టేలోగా ఆమెది ఒకటి. వేయించడం అయ్యాక సారె గంపలోకి మంచివి ఏరే పని కూడా ఎప్పుడూ ఆమెదే. వంకరవి ఇంట్లో తినడానికి పక్కన పడతాయి. పెళ్ళయిన నాటి నుంచి నా సకినాలన్నీ ఆ కుప్పలోకే పోయేవి, అదీ పదిమంది వినేటట్టు వంకలు పెట్టాక. ఆ రోజు ఆమె నావి తీసి పక్కన పెట్టింది. తనవి కూడా తీసి వాటి మీదే పెట్టింది. గంపలోకి ఒక్కటీ దొంగచాటుగా వెయ్యలేదు. ఎవరూ చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

మేము లేచి వస్తుంటే వదిన గుమ్మం దాకా వచ్చింది. వచ్చే ఆదివారం తన చెల్లెలింట్లో సకినాలున్నాయని, పెద్దమ్మ తప్పకుండా రావాలని అత్తమ్మకు చెప్పింది. చాయ్ తాగినంక వస్తానంది అత్తమ్మ. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు.