సంచిలో మూడు ఫ్యూజులు

ఎనభైల్లో ఒక యాసంగి పంటకాలం. కరెంటు శాఖలో చేరి రెండేళ్లు నిండకముందే నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బదిలీ చేశారు. కరెంటంటే భయపడే కరెంటు ఇంజనీరును నేను. ఆ సంగతి నాకూ, లైన్‌మ్యాన్ సాయిలుకూ మాత్రమే తెలుసు.

బయలుదేరే రోజు పొద్దున్నే సాయిలు ఊరి చివర పొలాల్లో తెగిన తీగ కట్టడానికి వెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను. స్తంభం ఎక్కేముందు అతనికో పద్ధతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలోని మూడు పింగాణీ ఫ్యూజులూ ఊడదీసి నా చేతిలో పెడతాడు. దిగాక నా చేతి నుంచే తీసుకుంటాడు. ఆ రోజూ అలాగే పెట్టి ఎక్కాడు.

"ఇవి మీ తాన ఉంటె నా పానం మీ తాన ఉన్నట్టే సారూ."

ఇంతలో కొత్త ఇంజనీరు వచ్చాడని కబురు. పరుగున ఆఫీసుకు వెళ్లాను. ఆయన నిచ్చెనలు, తాళ్లు చూసుకుని ఛార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టాడు. ఛార్జి దిగిన బ్యాటరీలా తేలిగ్గా బయటపడి, పదకొండు గంటల ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆ వేళకు వెళ్లేవారు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ.

తాడ్వాయి దగ్గర ఆకలేసి టిఫిన్ డబ్బా కోసం సంచిలో చెయ్యి పెడితే పింగాణీ తగిలింది.

పక్కనున్న అవ్వ నా మొహం చూసింది. "ఏంది బిడ్డా, గట్ల చెమటలు పట్టినయ్?"

చెప్పాను.

"అయ్యో! మా ఊర్ల ఫ్యూజుల్లేకుంటె ఆ జాగల ఉత్త తీగ చెక్కి మోటర్ నడుపుతరు," అంది.

నా భయమూ అదే. పొలాలు ఎండుతున్నాయి. పైన సాయిలున్నాడు. కింద ఎవరైనా తీగ చెక్కితే? బస్సు ఆపమన్నాను.

"టికెట్ ఎల్లారెడ్డిదాకా ఉన్నది గద సార్?" అన్నాడు కండక్టరు.

దిగేశాను. కామారెడ్డి వైపు పోయే లారీ ఒకటి వస్తే ఎక్కాను. "ఫికర్ చేయకున్రి సాబ్, అల్లా ఉన్నడు," అన్నాడు డ్రైవరు. ఉన్నాడు. కానీ లారీ మాత్రం ఎద్దుబండితో పందెం వేసుకున్నట్టు నడిచింది. దారంతా కనిపించిన ప్రతి స్తంభం మీదా సాయిలే వేలాడుతున్నట్టు అనిపించింది.

పొలం గట్టున అరుస్తూ పరుగెత్తాను. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకు అడ్డంగా నులకమంచం వేసుకుని ఒక రైతు పడుకున్నాడు. పక్కనే చుట్టిన తీగ.

"గా తీగెందుకు?" అన్నాను ఆయన భాషలోనే.

"చెక్కుదామని వచ్చినోన్నుంచి గుంజుకున్న. నా మడి గూడ ఎండుతున్నది సారూ. గని పైనున్నోడు నా బామ్మర్ది. వానికేమన్నయితె నా పెండ్లాం నన్ను స్తంభానికి కడతది."

సాయిలు పైనుంచి నవ్వాడు. పని ముగించి దిగి, చెయ్యి చాచాడు. ఫ్యూజులు ఇస్తుంటే నా వేళ్లు పట్టు వదల్లేదు. అతనే మెల్లగా ఊడదీసుకున్నాడు. మోటర్లు మోగాయి.

"రేపటిసంది ఇవి కొత్త సారు చేతికి ఇయ్యాల్నా?"

"ఇవ్వు."

"ఆయన గిట్ల ఉరికొస్తడా?"

ఆఫీసుకెళ్లి కొత్తాయనకు సాయిలు పద్ధతి రెండుసార్లు చెప్పాను. రెండోసారికి ఆయన మొహంలోనూ కాస్త భయం కనబడింది. అది చూశాకే సాయంత్రం బస్సెక్కాను.

లింగంపేట దాటేసరికి చీకటి పడింది. సంచి ఖాళీగానే ఉంది. అయినా చెయ్యి లోపల తడుముతూనే ఉంది. రేపు పొద్దున్నే ఎల్లారెడ్డిలో ముక్కూ మొహం తెలియని మరో మనిషి, స్తంభం ఎక్కుతూ తన ఫ్యూజులు ఈ చేతిలోనే పెడతాడు.