మొదటి వాయి గారెలు

ఈరోజు దీపావళి. షాదీపూర్‌లో మా అత్తగారు గారెలు వేస్తుంటే ఆ వాసనకి జంగ్లీఘాట్‌లోని మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మొదటి వాయి కోసం పొయ్యి దగ్గరే కూర్చునేవాళ్లం, మీరూ అంతేనా? మా అమ్మ మాత్రం దేవుడికి ఒకటి తీసి, మిగతావన్నీ వీధి చివరి ముసలమ్మకి నాతో పంపేది. ఆమె రాంచీ నుంచి కూలికి వచ్చి ఒంటరిగా మిగిలిపోయింది.

"నాకూ ఆకలేస్తోందమ్మా!"

"మిగిలినవి పెడితే పెట్టినట్టేనేటే? వేడిగా ఇచ్చిరా."

ముసలమ్మ గారె తుంచి ముందు నా నోట్లోనే పెట్టేది. "పహలే తూ ఖా, బేటీ."

ఇంతలో అత్తగారు మొదటి గారెలు నా చేతికిచ్చారు. కొత్త కోడల్ని, ఏమంటారోనని భయపడుతూనే అడిగాను.

"అత్తయ్యా, ఇవి ఎదురుగా ఇల్లు కడుతున్న కూలీ దీదీకి ఇచ్చి రానా?"

ఆవిడ నా వైపు చూసి, పొయ్యి కట్టేశారు.

"చల్లారిపోతాయి, నడువమ్మా. నేనూ వస్తాను."