వరహాలు తట్టిన తలుపులు

ఆనందపురం దాటాక వచ్చే చిన్న ఊళ్లో, వరీ చోళ్లూ పండించుకునే ఇంట్లో పుట్టాడు వరహాలు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పది చదివి, విశాఖ హార్బరు దగ్గర ఒక లారీ ఆఫీసులో పనికి కుదిరాడు. అక్కడ పరిచయమైన ఒకాయన ఆదివారం తన ఇంట్లో జరిగే ప్రార్థనకు రమ్మన్నాడు. వాళ్లు మార్మన్లు, క్రైస్తవుల్లో ఒక శాఖ. చచ్చిపోయినా కుటుంబం విడిపోదని నమ్మేవాళ్లు. ఆ మాట వరహాలును పట్టుకుంది. బాప్తిస్మం తీసుకున్నాడు.

తల్లి సీతాలు అడ్డు చెప్పలేదు. "తాగుడొద్దని సెప్పీ దేవుడైతే నాకేటి అబ్బెంతరం?" అంది.

ఇరవై నిండాక ఉద్యోగం మానేసి మతప్రచారానికి వెళ్లాడు. ఆ పనిలో ఉన్న కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా తిరగాలి. తెల్లచొక్కా, టై, జేబు మీద పేరున్న నల్లబిళ్ల. టీ కాఫీలు ముట్టకూడదు. తెలుగు వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి అతన్ని విశాఖలోనే ఉంచారు. జోడీగా హైదరాబాదు కుర్రాడు సుందరాన్ని ఇచ్చారు.

అది 1989 వేసవి. ఉక్కునగరంలో క్వార్టర్లు నిండుతున్నాయి. ఒక తలుపు తడితే నైట్ షిఫ్టు చేసి పడుకున్న మనిషి లేచి తిట్టేవాడు. ఇంకో తలుపులోంచి "కుక్కర్లు మాకొద్దు, పొండి" అనేవారు. ఇన్సూరెన్సు వాళ్లనుకుని కూర్చోబెట్టినవాళ్లు, సంగతి తెలిశాక ఫ్యాను కట్టేసేవారు. కొందరు ఆదరంగా టీ పెట్టేవారు. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకునేవారు.

గౌరీశ్వరి అలాగే టీ తెచ్చింది. వద్దన్నాక గ్లాసులు లోపల పెట్టి, నీళ్లు తెచ్చి, గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆమె భర్త ప్లాంటులో పని చేస్తాడు. అంతకుముందు ఏడాది వాళ్ల పాప జ్వరంతో పోయింది. కుటుంబం శాశ్వతమని సుందరం చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది.

"అక్కడ మా పాప ఎంతుంటాది? పోయినప్పటంతే ఉంటాదా, ఎదిగిపోతాదా?"

"పసిపాపగానే లేస్తుందమ్మా. మీరే పెంచుకుంటారు," అన్నాడు సుందరం.

ఆమె వరహాలు వైపు చూసింది. అతను తలూపాడు. మళ్లీ వారం రమ్మంది.

ఆ వారం వెళ్లలేదు. సీతాలు పొలంలో పాము కరిచి చనిపోయిందని కబురొచ్చింది. జోడీని వదిలి వెళ్లకూడదు కాబట్టి సుందరం కూడా బస్సెక్కాడు. వాళ్లు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. పెద్దకొడుకు కోసం ఆపారు. ఎవరో తడిపంచె అందించారు. వరహాలు టై విప్పి, చొక్కా విప్పి, సుందరం చేతికిచ్చాడు. కుండ మోశాడు. చితికి నిప్పు పెట్టాడు. తప్పు చేస్తున్నాననిపించలేదు, ఒప్పు చేస్తున్నాననీ అనిపించలేదు. చెయ్యి తనది కానట్టు ఉంది.

"ఏట్రా, కన్నతల్లి సచ్చిపోతే కంట్లోంచి ఓ సుక్క రాదేట్రా?" అన్నాడు మేనమామ.

చిన్నకర్మ కాగానే గుండు చేయించుకుని, మిగిలింది తమ్ముడు వీరన్నకు అప్పగించి తిరిగొచ్చేశాడు. దారిలో సుందరం, "కొన్నాళ్లు ఊళ్లో ఉండు. పెద్దల్ని అడిగితే ఒప్పుకుంటారు," అన్నాడు.

"ఉండి ఏటి సేత్తాను?"

మర్నాడే తలుపులు తట్టాడు. "కుటుంబం శాశ్వతం" అంటుంటే తన గొంతు తనకే బస్సు కండక్టరు గొంతులా వినిపించింది. గాజువాక, కూర్మన్నపాలెం అని అరిచినట్టు. ఎండ తెలియడం లేదు. ఆకలీ తెలియడం లేదు. సుందరం తినమంటే తినేవాడు.

గౌరీశ్వరి ఇంటికి వెళ్లినప్పుడు ఆమె అతని గుండు చూసింది.

"ఎవులు?"

"అమ్మ."

ఆమె నీళ్ల గ్లాసు అతని ముందు పెట్టింది. "మీ అమ్మ నీకు కలుస్తాదా బావూ?"

సుందరం నోరు తెరిచాడు. ఆమె అతన్ని చేత్తో ఆపింది.

"సెప్పడం నేర్చుకున్నానమ్మా," అన్నాడు వరహాలు. "నమ్మతన్నానో నేదో నాకే తెలీట్లేదు. ఏడుపు కూడా రాట్లేదు."

"నాకూ రానేదు. ఏడాదికొచ్చింది, బియ్యం ఏరతంటే. కంగారు పడకు," అంది గౌరీశ్వరి.

అప్పుడే షిఫ్టు దిగి ఆమె భర్త వచ్చాడు. వాళ్లిద్దర్నీ చూసి బూట్లు కూడా విప్పకుండా, "తమ్ముడూ, ఇంక రాకండి," అన్నాడు. కోపంగా అనలేదు. "మొన్న మీరొచ్చెల్లాక రెండ్రోజులు ఇది అన్నం ముట్టనేదు."

"నానే రమ్మన్నాను," అంది ఆమె.

"తెల్దేటి నాకు?" అన్నాడతను.

వరహాలు దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. సుందరం వెనకే బస్సు స్టాపు దాకా నడిచాడు. అక్కడ, "అలా తెలీదని చెబితే జనం మనల్నెందుకు వింటారు?" అన్నాడు. బస్సు కోసం చూస్తూ, "మీ అమ్మ పేరు ఎప్పుడూ అడగలేదు నేను," అన్నాడు.

"సీతాలు."

ప్రచారం గడువు పూర్తయ్యేదాకా ఆ జోడీ మారలేదు. తర్వాత వరహాలు లారీ ఆఫీసులోనే మళ్లీ చేరాడు. పెందుర్తి పిల్లను చేసుకున్నాడు. ఆమె తన దేవుళ్లను మానలేదు, అతను మానమనలేదు. ఏడుపు వచ్చిందో లేదో ఆమెకూ చెప్పలేదు.

నెలకో ఆదివారం సంఘంలో ఒక్కొక్కరూ లేచి విశ్వాసం గురించి చెబుతారు. అందరూ "నాకు తెలుసు" అని మొదలుపెడతారు. వరహాలు లేచి, "నిజమైతే బాగుంటాదని అనుకుంటన్నాను," అని కూర్చుంటాడు. మొదట్లో కొందరు వెనక్కి తిరిగి చూసేవారు. ఇప్పుడు అతని తర్వాతివాళ్లు లేస్తారు, అంతే.